ఎలాంటి శబ్దమని కాదు, ఎప్పుడొస్తుందని అడగండి

కారులో ఏదో వింత శబ్దం వస్తోందని ఎవరితోనైనా చెప్పి చూడండి. వాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఎలాంటి శబ్దం?" అనే. మనం కూడా బుద్ధిగా నోటితో ఆ శబ్దం చేసి వినిపిస్తాం. గుయ్యిమంటోందనో, గరగరలాడుతోందనో, కీచుమంటోందనో. ఎదుటి మనిషి కళ్ళు చిన్నవి చేసుకుని విని, తల పంకించి, ఓ పార్టు పేరు చెప్తాడు. బేరింగ్ పోయిందంటాడు. లేదా గేర్ బాక్స్ దించాలంటాడు. ఈ తతంగమంతా శుద్ధ దండగని నా వాదన. ఒకే రకం బేరింగ్ ఒక కారులో మూలుగుతుంది, ఇంకో కారులో ఈల వేస్తుంది. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు అచ్చం పోయిన వీల్ బేరింగ్‌లాగే మోగుతుంది. నోటితో చేసి చూపించిన శబ్దాన్ని బట్టి పార్టు పేరు చెప్పేవాళ్ళు చీకట్లో బాణం వేస్తున్నారు, అంతే. అప్పుడప్పుడూ తగులుతుంది. తగలనప్పుడు బిల్లు మనది.

శబ్దం ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది, దేంతో పాటు పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది? పనికొచ్చే సమాచారమంతా ఈ ప్రశ్నల జవాబుల్లోనే ఉంటుంది. ఆ జవాబులు రాబట్టడానికి ఒక్క స్పానర్ కూడా అక్కర్లేదు. ఓ ఖాళీ రోడ్డు, కాస్త ఓపిక చాలు. అయినా ఆ ఓపిక ఎవరికీ ఎందుకుండదో తర్వాత చెప్తాను, దానికీ ఓ కారణముంది.

నా దగ్గర 2001 మోడల్ మాజ్డా మియాటా ఉంది. మిగతా చాలా దేశాల్లో దీన్ని ఎమ్ఎక్స్-5 అంటారు, అమెరికాలో మాత్రం మియాటా పేరే నిలిచిపోయింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని మొదటిసారి చూపించారు. నాది రెండో తరం కారు. రెండే సీట్లు, గుడ్డ టాప్, ముందు 1.8 లీటర్ల ఇంజన్, పవరు వెనక చక్రాలకు, 5 గేర్ల మాన్యువల్, బరువు 1,100 కిలోల లోపే. ఇక్కడ నార్త్ కరొలైనాలోని రాలీ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఏడుగురు పట్టే వ్యాన్లుంటాయి. అందుకని మా ఇంటికొచ్చి "మరి పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారండీ?" అని అడగని అతిథి లేడు. మా ఆవిడ దాన్ని బొమ్మకారంటుంది. వేసవికి ముందు ఓ ముసలాయన దగ్గర కొన్నాను. వేసవంతా టాప్ తీసేసి తిప్పాను. నవంబరులో చలి మొదలై టాప్ వేసి బిగించాక, ఆ శబ్దం చెవిన పడింది.

40 మైళ్ళ వేగం దగ్గర సన్నగా మొదలవుతుంది. 55 దాటేసరికి రేడియో పెట్టుకున్నా దాని మీద నుంచి వినపడుతుంది. వేగం పెరిగిన కొద్దీ శ్రుతి పెరుగుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన కారులో ఇలాంటిది వింటే కడుపులో ఎలా ఉంటుందో పాత బండి నడిపిన ప్రతివాడికీ తెలుసు. టెన్షన్‌లో మనిషి ముందు చేసే పని ఏదో ఒక షాపుకి పరిగెత్తడం.

మొదట వెళ్ళిన షాపులో ఒకాయన బండి స్టార్ట్ చేసి అక్కడే ఓ నిమిషం విన్నాడు, తర్వాత చుట్టుపక్కల వీధుల్లో తిప్పుకొచ్చాడు. గేర్ బాక్స్ పోయింది, రీబిల్డ్ చేయాలి, మూడు వేల డాలర్ల పైమాటే అన్నాడు. రెండో షాపులో హైవే మీద తీసుకెళ్ళి విని, గేర్ బాక్స్ కాదు, వెనక చక్రాలకు పవరు పంచే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, పోయిందన్నాడు. ఇద్దరూ విన్నది ఒకే కారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే, ఇద్దరిలో ఎవరూ మోసగాడని నేననను. కానీ ఇద్దరూ శబ్దం ఎలా ఉందో విన్నారు, అది దేన్నిబట్టి మారుతోందో ఎవరూ చూడలేదు.

మా మామయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తర్వాత కూడా చాలాకాలం విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చూశాడు. పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొన ఇంజన్ బ్లాకుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, ఏ బేరింగ్ మూలుగుతుందో చెప్పేవాడు. ఇందులో మంత్రమేమీ లేదు. గాల్లో వచ్చే శబ్దం అన్ని వైపుల నుంచీ కలిసి వస్తుంది, ఇనప ఊచ మాత్రం తను ఆనిన చోటి వణుకునే మోసుకొస్తుంది. అదే సూత్రం మీద పనిచేసే మెకానిక్ స్టెతస్కోప్ ఇక్కడ పది పదిహేను డాలర్లకి దొరుకుతుంది. వీడియో కాల్‌లో ఆయనకి నా గోడు చెప్పుకుంటూ నోటితో శబ్దం చేయబోతే మధ్యలోనే ఆపేశాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఎట్టా మోగుతందో నాకు చెప్పమాక. బండి నిలబెట్టి రేస్ చేస్తే వస్తందా?"

"రాదు మామయ్యా."

"న్యూట్రల్లో ఉంచి క్లచ్ తొక్కితే ఏమన్నా మారుద్దా?"

"ఐడిల్‌లో ఓ చిన్న గరగర ఉంటుంది, క్లచ్ తొక్కితే పోతుంది. కానీ నేను చెప్పేది అది కాదు."

"అయితే రెండున్నయ్యన్నమాట. రెండూ కలిపి చెప్పావనుకో, ఎదుటోడు రేటు ఎక్కువున్నది పట్టుకుంటాడు."

మొదటి షాపులో జరిగింది సరిగ్గా అదే. నిలబడ్డ బండిలో గరగర విన్నాడు, రోడ్డు మీద గుయ్యిమనడం విన్నాడు, రెండింటికీ కలిపి ఒక జబ్బు పేరు పెట్టాడు. పాత కారులో ఒకేసారి నాలుగైదు శబ్దాలుంటాయి. వాటిలో మూడు దానికి పుట్టుకతో వచ్చినవో, వయసుతో వచ్చినవో. వాటిని విడదీయకుండా ఏ నిర్ణయం తీసుకున్నా తప్పే.

ముందు ఆ గరగర సంగతి. బండి న్యూట్రల్లో ఉండి క్లచ్ మీద కాలు లేనప్పుడు, ఇంజన్‌తో పాటు ఆ తిరుగుడుని గేర్ బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్టూ, దాని పక్కనుండే కౌంటర్ షాఫ్టూ తిరుగుతూనే ఉంటాయి. క్లచ్ తొక్కగానే వాటికి ఇంజన్‌తో సంబంధం తెగి, కొద్దిసేపట్లో ఆగిపోతాయి. కాబట్టి క్లచ్ తొక్కితే ఆగే శబ్దం ఆ షాఫ్టుల బేరింగ్‌లదైనా కావాలి, లేదా లోడు లేకుండా తిరిగే పళ్ళు ఒకదానికొకటి తగులుతూ చేసే చప్పుడైనా కావాలి. రెండోది చాలా మాన్యువల్ కార్లలో ఉంటుంది, దాని వల్ల ప్రాణాపాయం లేదు. దీనికి తిరగేసి, తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అనుమానం క్లచ్‌ని నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్ మీదకి పోతుంది. ఇక్కడ ఇంకో చిన్న మెలికుంది. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ చివర కూర్చుని ఇన్‌పుట్ షాఫ్ట్ మొనని పట్టి ఉంచే పైలట్ బేరింగ్ కూడా క్లచ్ తొక్కినప్పుడే పనిచేస్తుంది. ఎందుకంటే క్రాంక్ షాఫ్టూ ఇన్‌పుట్ షాఫ్టూ వేర్వేరు వేగాల్లో తిరిగేది అప్పుడే. మరి రెండింటినీ విడదీసేదెలా? పెడల్ మీద కాలు ఊరికే ఆనించి, క్లచ్ విడిపోయేలోపు ఆ మొదటి అంగుళంలోనే చప్పుడొస్తే రిలీజ్ బేరింగ్. పూర్తిగా తొక్కి, గేరు వేసి, బండి కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే వస్తే పైలట్ బేరింగ్. ఇంత తేడా ఒక్క పెడల్‌తో తెలుస్తుంటే, నోటితో కీచుమని అరిచి చూపించడం దేనికి?

అసలు శబ్దం మాత్రం నిలబడ్డ బండిలో ఎంత రేస్ చేసినా రాలేదు. అంటే ఇంజన్, ఆల్టర్నేటర్, క్లచ్ నిర్దోషులుగా బయటపడ్డట్టే. మిగిలినవి రోడ్డు మీదే తేలాలి.

ఆదివారం పొద్దున్నే 64వ నంబరు హైవే మీద పిట్స్‌బరో వైపు వెళ్ళాను, వెనక ఎవరూ లేకుండా చూసుకుని. 55 మైళ్ళ దగ్గర 5వ గేరులో శబ్దం విని, అదే వేగంలో 4కి మార్చాను, తర్వాత 3కి. ఇంజన్ తిరుగుడు మారిపోయింది, శబ్దం శ్రుతి మారలేదు. ఈ పరీక్షలో ఓ తమాషా ఉంది. నా కారు గేర్ బాక్స్‌లో 4వ గేరు నిష్పత్తి సరిగ్గా 1. అందులో పవరు కౌంటర్ షాఫ్ట్ మీదుగా వెళ్ళదు, ఇన్‌పుట్ నుంచి నేరుగా అవుట్‌పుట్‌కి పోతుంది. పక్క షాఫ్టు తిరుగుతుంది గానీ దాని మీద భారం ఉండదు. కాబట్టి మిగతా గేర్లలో వచ్చే శబ్దం 4లో గప్‌చిప్‌గా మాయమైతే గేర్ బాక్స్‌ని అనుమానించొచ్చు. నాకు 4లోనూ అంతే వచ్చింది. మూడు వేల డాలర్ల రీబిల్డ్ అక్కడికక్కడే సగం కొట్టుకుపోయింది.

పూర్తిగా ఎందుకు కొట్టుకుపోలేదంటే, గేర్ బాక్స్ తోక దగ్గరుండే బేరింగ్ ఏ గేరులోనైనా, న్యూట్రల్లోనైనా, బండి వేగంతోనే తిరుగుతుంది. దాని మీద అనుమానాన్ని ఈ పరీక్ష తీర్చలేదు.

తర్వాత వేగంలో ఉండగానే న్యూట్రల్లో వేశాను. ఇంజన్ ఐడిల్‌కి పడిపోయింది. శ్రుతి మళ్ళీ మారలేదు, కానీ గొంతు బాగా తగ్గింది. ఈ ఒక్క వాక్యంలో రెండు సంగతులున్నాయి. శ్రుతి మారలేదంటే శబ్దం ఇంజన్ వేగాన్ని కాదు, చక్రాల వేగాన్ని పట్టుకుని ఉంది. గొంతు తగ్గిందంటే దానికి లోడుతో కూడా సంబంధం ఉంది. టైరుకి లోడుతో పని లేదు, ఇంజన్ లాగుతున్నా లేకున్నా ఒకేలా మోగుతుంది. వీల్ బేరింగ్ కూడా దాదాపు అంతే. లోడును బట్టి బాగా మారేది పళ్ళ మధ్య రాపిడి. దాన్ని ఖాయం చేసుకోవడానికి గేరులోనే ఉంచి ఆక్సిలరేటర్‌తో ఆడాను. కాస్త నొక్కితే శబ్దం పదునెక్కుతుంది. పూర్తిగా వదిలేస్తే ఇంజన్ బండిని వెనక్కి పట్టేటప్పుడు మళ్ళీ వస్తుంది. ఆ రెండింటి మధ్యలో, ఇంజన్ లాగడమూ లేదు ఆపడమూ లేదు అన్న ఓ సన్నటి స్థితి ఉంటుంది. పాదం అక్కడ నిలబెడితే శబ్దం దాదాపు లేదు. పన్ను ఒక వైపు నొక్కుకున్నప్పుడు, రెండో వైపు నొక్కుకున్నప్పుడు మోగి, ఏ వైపూ భారం లేనప్పుడు ఊరుకునేది డిఫరెన్షియల్ లోపలి పళ్ళ చక్రాల జత, క్రౌన్ పినియనే.

లాంఛనంగా మిగతావీ చూశాను. వేగంగా వెళ్తూ కొద్దిగా ఎడమకీ కుడికీ ఊపితే బరువు ఎదురు వైపు చక్రం మీద పడుతుంది, బేరింగ్ పోయి ఉంటే ఆ వైపు గొంతు పెరుగుతుంది. మార్పు లేదు. కాంక్రీటు రోడ్డు నుంచి కొత్త తారు రోడ్డు మీదకి మారితే టైరు శబ్దం మారాలి. టైర్ల హోరు మారింది గానీ ఈ శబ్దం మారలేదు.

ఇక ఇంటికొచ్చి చేసిన లెక్క నాకు అన్నింటికంటే నచ్చిన భాగం, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఫోనులో శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి గీతల్లో చూపించే ఉచిత యాప్‌లుంటాయి. దాన్ని ఆన్ చేసి ఫోన్ పక్కసీటులో పడేసి, 60 మైళ్ళ దగ్గర నిలకడగా నడిపాను. 640 హెర్ట్జ్ దగ్గర్లో ఓ గీత మిగతావాటి మీద తాటిచెట్టంత లేచింది. 50 మైళ్ళకి దిగితే అది 530 చుట్టుపక్కలకి జరిగింది. ఇప్పుడు కారు లెక్క చూడండి. నా టైర్లు 195/50ఆర్15, చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. 60 మైళ్ళంటే సెకనుకు దాదాపు 27 మీటర్లు, అంటే చక్రం సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.30, అంటే పినియన్‌కి 10 పళ్ళు, దాంతో కలిసి తిరిగే పెద్ద చక్రం క్రౌన్ వీల్‌కి 43. క్రౌన్ వీల్ చక్రంతో పాటే తిరుగుతుంది కాబట్టి సెకనుకు 15 సార్లు 43 పళ్ళు పినియన్‌ని తడతాయి. 15ని 43తో గుణిస్తే 645.

గేర్ బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టో, దాని కీలు లాంటి క్రాసో అయ్యుంటే గీత 64 దగ్గరో, దానికి రెట్టింపు 129 దగ్గరో లేచేది. చక్రానికి సంబంధించింది, ఉదాహరణకి చదునైన మచ్చ పడ్డ టైరు, అయ్యుంటే 15 దగ్గర మొదలయ్యేది. అది చెవికి శబ్దంగా కంటే సీటుకి వణుకుగా తెలుస్తుంది. మూడు అనుమానితులకీ మూడు వేర్వేరు నంబర్లు. చెవి పొరబడొచ్చు, పళ్ళ లెక్క పొరబడదు.

దీంతో రెండో షాపతను గెలిచినట్టే కదా? డిఫరెన్షియల్ అన్నాడు, డిఫరెన్షియలే. ఇక్కడే నా వాదనలో రెండో సగం మొదలవుతుంది. శబ్దం పుట్టిన చోటు దొరికినంత మాత్రాన జబ్బు దొరికినట్టు కాదు.

క్రౌన్ పినియన్ పళ్ళు వంకరగా కోసి ఉంటాయి, పినియన్ క్రౌన్ వీల్ మధ్యగీతకి కొంచెం కిందుగా కూర్చుంటుంది. పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా గట్టిగా జారతాయి కూడా. అందుకే దీనికి గంధకం కలిసిన జీఎల్-5 ఆయిల్ పోస్తారు, ఆ వాసన చేతి నుంచి రెండు మూడు రోజులు పోదు. ఎంత బాగా చేసిన గేర్లైనా పన్ను పన్నుకీ రవ్వంత తడబాటు ఉంటుంది, కాబట్టి ప్రతి డిఫరెన్షియల్ ఎంతోకొంత పాడుతూనే ఉంటుంది. పాడటం జబ్బు కాదు. జబ్బు ఉంటే ఆయిల్లో తెలుస్తుంది. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పాను. ప్లగ్ చివర అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంది, కాటుక అద్దినట్టు. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు లేదు. అది మామూలు అరుగుదల. పొరలూ పలుకులూ మెరిస్తే భయపడాలి, ఒక్కటీ లేదు. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, పినియన్ సీల్ కారడం లేదు, షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందకీ ఊపితే కదలిక లేదు.

ఆరోగ్యంగా ఉన్న డిఫరెన్షియల్ ఇంతగా ఎందుకు అరుస్తోంది?

టార్చి లైటు వేసి, దాన్ని బండికి బిగించే చెవుల దగ్గర చూస్తే, ఏళ్ళ నాటి దుమ్ము పట్టిన అల్యూమినియం మధ్యలో ఓ ఎర్రటి ఉంగరం కనిపించింది. రెండో వైపూ అంతే. ఫ్యాక్టరీలో అక్కడ పెట్టేది వణుకుని మింగే నల్ల రబ్బరు ఉంగరం, బుష్ అంటారు. ఎవరో వాటిని తీసేసి గట్టి పాలీయురేథేన్ బుష్‌లు కొట్టించారు. కారుతో పాటు ముసలాయన ఇచ్చిన రసీదుల ఫైలు అప్పటిదాకా నేను పూర్తిగా తిరగేయలేదు. ఆయన కంటే ముందున్న ఓనరు పార్కింగ్ స్థలాల్లో కోన్‌లు పెట్టి నడిపే ఆటోక్రాస్ పోటీలకి వెళ్ళేవాడట, రసీదు అందులో ఉంది.

ఈ కారులో ఆ రెండు బుష్‌లకి ఎందుకంత ప్రాధాన్యమో చెప్పాలి. మియాటాలో గేర్ బాక్స్ తోకనీ డిఫరెన్షియల్ ముక్కునీ పొడుగాటి అల్యూమినియం దూలంతో కలిపి బిగిస్తారు. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు దాన్ని. ఆక్సిలరేటర్ తొక్కగానే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది, అందుకే ఈ కారు పెడల్‌కి అంత చురుగ్గా పలుకుతుంది. గేర్ బాక్స్ కింద వేరే మౌంటింగ్ ఉండదు. ఇంజన్, గేర్ బాక్స్, ఆ దూలం, డిఫరెన్షియల్ అన్నీ ఒకే ముద్దలా అయి, ముందు రెండు ఇంజన్ మౌంటింగ్‌ల మీద, వెనక ఈ రెండు బుష్‌ల మీద కూర్చుంటాయి. మొత్తం నాలుగే కాళ్ళు. అందులో రెండు కాళ్ళకి రబ్బరు తీసి గట్టి ప్లాస్టిక్ తొడిగితే, అప్పటిదాకా రబ్బరు మింగేసిన 640 హెర్ట్జ్ నేరుగా బాడీ రేకులోకి ఎక్కుతుంది. వీణ తీగని కుండకి తగలకుండా గాల్లో కట్టి మీటితే పక్కవాడికి కూడా వినపడదు. కుండ తోడైతే గదంతా వినపడుతుంది. నా కారులో తీగ మారలేదు, కుండ తగిలించారంతే.

మరి నవంబరులోనే ఎందుకు మొదలైంది? మొదలవ్వలేదు. వేసవంతా టాప్ తీసి ఉంది కాబట్టి గాలి హోరులో మునిగిపోయింది. మారింది కారు కాదు, పైకప్పు. ఎప్పుడు మొదలైంది అని అడిగి ఊరుకుంటే సరిపోదు, అప్పుడే ఇంకేం మారింది అని కూడా అడగాలి.

రెండో షాపతను చెప్పినట్టు డిఫరెన్షియల్ మార్పించి ఉంటే ఏమయ్యేది? జంక్‌యార్డు నుంచి ఇంకో పాతది తెచ్చి అవే ఎర్ర బుష్‌ల మీద కూర్చోబెట్టేవాళ్ళు. అదీ పాడేది. బహుశా వేరే రాగంలో.

ఇప్పుడు ఆ ఓపిక ఎవరికీ ఎందుకుండదన్న సంగతికొస్తాను. అమెరికాలో చాలా షాపుల్లో మెకానిక్‌కి డబ్బు గంటల లెక్కన రాదు, పని లెక్కన వస్తుంది. ఫలానా పనికి ఇన్ని గంటలని పుస్తకంలో రాసి ఉంటుంది. గేర్ బాక్స్ దించి ఎక్కించడానికి గంటలున్నాయి, డిఫరెన్షియల్ మార్చడానికి గంటలున్నాయి. 64వ హైవే మీద న్యూట్రల్లో వేసి వినడానికి ఏమంత గంటలుండవు. డయాగ్నసిస్ ఫీజు 150 డాలర్లంటే మనమే మొహం మాడ్చుకుంటాం. "ఏం చేశారండీ, ఊరికే చూశారు కదా" అంటాం. అదే పార్టు మార్చి 800 బిల్లు వేస్తే పాత పార్టు చేతిలో పెట్టించుకుని, డబ్బు కళ్ళ ముందు కనపడుతోందని తృప్తి పడతాం. ఆటోనగర్‌లోనూ ఇదే కథ. మామయ్య స్క్రూ డ్రైవర్‌తో విని, "ఇది గేర్ బాక్స్ కాదు, మౌంటింగ్ బోల్టు వదులైంది, బిగించుకోండి" అని లారీ వాళ్ళని పంపించేస్తే టీ డబ్బులు చేతిలో పెట్టేవాళ్ళు. అదే గేర్ బాక్స్ దించి, శుభ్రం చేసి, ఎక్కించిన షెడ్డుకి వేలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. వినడానికి డబ్బివ్వని చోట ఎవరూ వినరు. మెకానిక్‌లని తిట్టే ముందు ఈ సంగతి చూడాలని నా అభిప్రాయం. శబ్దం దేన్నిబట్టి మారుతోందో మనమే రాసుకెళ్తే సగం పని మనం చేసినట్టే, మిగతా సగానికి ఫీజు ఇవ్వడానికి ఏడవకూడదు.

అన్ని వేళలా ముందు కనిపెట్టి తర్వాతే విప్పాలి అని కూడా అనను. క్లచ్ ప్లేటు అరిగి గేర్ బాక్స్ ఎలాగూ దించుతున్నప్పుడు రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ బాగున్నాయా లేదా అని పరిశోధనలు పెట్టుకోవడం పిచ్చితనం. ఆ రెండూ చవక, కూలి ఖరీదు. మార్చి పారెయ్యాలి. అలాగే, తీరిగ్గా లెక్కలు కట్టుకోకూడని శబ్దాలూ కొన్ని ఉన్నాయి. గేరు వేసి క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద నుంచి ఠక్కుమని తగిలి, వేగంలో సీటు కింద వణుకొస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ చూడాలి, అది తెగితే షాఫ్ట్ కింద వేలాడుతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే ఆ బండిని హైవే ఎక్కించొద్దు. డిఫరెన్షియల్ కింద తడి కనపడితే ముందు ఆయిల్ మట్టం చూసుకోవాలి, ఆయిల్ లేకుండా క్రౌన్ పినియన్ ఎక్కువకాలం బతకదు.

ఫోనులో రికార్డు చేసి "ఇదేం శబ్దమో చెప్పండి" అని పంపేవాళ్ళకి ఒక్క మాట. ఫోన్ మైకు మనిషి గొంతు కోసం చేసింది, కింది స్థాయి మూలుగుని సగం మింగేస్తుంది. పంపండి, తప్పు లేదు. దాంతో పాటు ఎంత వేగం, ఏ గేరు, కాలు ఏ పెడల్ మీద ఉంది అన్న మూడు ముక్కలు రాయండి. ఆ మూడూ లేకపోతే అది రింగ్‌టోన్‌కి పనికొస్తుంది.

చివరికి డిఫరెన్షియల్ దించి, ఎర్రవి పీకి, కొత్త రబ్బరు బుష్‌లు ప్రెస్ చేయించాను. ప్రెస్ నా దగ్గర లేదు కాబట్టి ఆ ఒక్క పనీ బయట. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ తిరిగి బిగించేటప్పుడు దాని ఎత్తు మాన్యువల్ ప్రకారం సరిచూసుకోవాలి, లేకపోతే షాఫ్ట్ కోణం మారి ఓ కొత్త వణుకుతో మళ్ళీ మొదటికొస్తాం. ఇప్పుడు 60 దగ్గర యాప్‌లో ఆ గీత ఉంది, కానీ మిగతా గీతల గుంపులో వెతుక్కోవాలి. ఐడిల్‌లో గరగర అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పాలీ బుష్‌లు మాత్రం ట్రాక్ మీద మియాటా తిప్పే ఒకాయన 40 డాలర్లిచ్చి పట్టుకెళ్ళాడు. డిఫరెన్షియల్ పాడుతుందండీ అని ముందే చెప్పాను. తను హెల్మెట్ పెట్టుకుని నడుపుతానని, పైగా సైలెన్సర్ కూడా తీసేశానని అన్నాడు.